ఉంగాలకు జవాబు

అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. పాలిచ్చే తల్లి ముఖం ఇంచుమించు అంత దూరంలోనే ఉంటుంది. అందుకే బిడ్డకు మొదటి ఆటబొమ్మ అమ్మ ముఖమే.

రెండో నెల దాటేసరికి పాప ‘ఉంగా’ అంటుంది. మీరూ ‘ఉంగా’ అనండి, అని ఆగండి. ఆ ఆగడమే ముఖ్యం. కాసేపటికి కాళ్లాడిస్తూ పాప మళ్లీ పలుకుతుంది. మాటకు మాట అలా అలవడుతుంది. ఫోన్‌లో పెట్టిన పాటలు పాప వంతు కోసం ఆగవు కదా!

మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్లెదుటే, కొద్ది నిమిషాలు చాప మీద బోర్లా పడుకోబెట్టి గిలక్కాయ ఆడించండి. మెడ, భుజాలు బలపడతాయి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే. పాప ముఖం తిప్పుకుంటే ఆట చాలన్నట్టు, ఎత్తుకోండి.