పువ్వు దగ్గర ఆపు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. మంచం మీద సగం బొంత, సోఫాలో లేసు టేబుల్ క్లాతు, బీరువా మీద రింగులో బిగించిన దిండు గలీబు, హాలుకి అడ్డంగా మగ్గం. "ఒక్కటీ ఓ కొలిక్కి రాదక్కా, పైగా మళ్లీ తాడితోట బట్టల బజారుకి వెళ్లి కొత్త గుడ్డ తెచ్చింది" అని దాని బాధ. నువ్వేమో "నాకు నిలకడ లేదేమో పెద్దమ్మా" అని దిగులుపడుతున్నావు.

దిగులెందుకే? చేతిలో నాలుగు పనులుండటం తప్పని నేననను. మన గోదారి డెల్టాలో సూది పట్టిన ఆడవాళ్లకి ఒక్క పనే ఉన్న రోజు ఎప్పుడుందని? పొయ్యి మీద ఎసరు, దొడ్లో గేదె, ఒళ్లో బిడ్డ, వీటన్నిటి మధ్యనే లేసు అల్లారు, బొంతలు కుట్టారు. వాళ్లకి బాగా తెలిసి, నీకింకా పట్టుబడనిది ఒక్కటే. పని ఎక్కడ ఆపాలో.

నరసాపురం లేసు పేరు నీకు తెలుసు గాని దాని వయసు తెలుసా? స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ, ఆయన భార్య 1844లో అక్కడి ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారు. అప్పటికింకా కాటన్ దొరగారు ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టనే లేదు, అది 1847 మాట. అంటే ఆనకట్ట నీళ్ల కంటే ముందే ఈ నేలకి లేసు దారం వచ్చింది. 1899 కరువునీ తట్టుకుంది, 1929లో ప్రపంచమంతా వ్యాపారాలు కుప్పకూలినప్పుడూ బతికి బట్టకట్టింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాలు దానికి పొలిమేర. గుర్తింపు రావడం ఆలస్యమైందనే నేనంటాను, సరే, ఆ ముచ్చట మరోసారి.

ఇప్పుడు నీకు కావలసింది ఆ ఆడవాళ్లు పనిని ముక్కలుగా పంచుకున్న తీరు. పెద్ద టేబుల్ క్లాతుని ఒక మనిషి మొదటి నుంచి చివరిదాకా అల్లుకుంటూ పోదు. పువ్వులల్లే వాళ్లు వేరు, దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపే వాళ్లు వేరు, అది అతుకుపని. చేతిపని చేసే మనిషికి ఆ పూట ముందున్నది పువ్వొక్కటే. నాలుగు గొలుసులు వేసి గుండ్రంగా కలపడం, దాని చుట్టూ వరసలు పెంచడం, రేకులు తీర్చడం, చివర ముడివేసి దారం తెంపడం. తెంపాక ఇక ఆ పువ్వు జోలికి ఎవరూ రానక్కర్లేదు. పాలు పొంగినా, పిల్లాడు ఏడ్చినా, ఇంటికి చుట్టాలొచ్చినా దానికేం కాదు.

అదే పువ్వుని సగంలో వదిలి లేచావనుకో. లేసు అల్లికలో తెరుచుకుని ఉండేది ఒక్క ఉచ్చే. చూడ్డానికి ధైర్యంగానే ఉంటుంది, సూది జారినా ఒక్క ఉచ్చే కదా అని. కాని ఆ ఒక్క దారం కొస పిల్లాడి చేతికి దొరికితే చాలు, సర్రున మొదటి గొలుసుదాకా ఊడొస్తుంది. ఊడకపోయినా ఇంకో ఇబ్బందుంది. నాలుగు రోజుల తర్వాత చేతిలోకి తీసుకుంటే, ఇది ఎన్నో వరసో, ఎన్ని కుట్లు వేశావో, అన్నీ మళ్లీ లెక్కపెట్టుకోవాలి. లెక్కపెట్టడం ఎవరికీ సరదాగా ఉండదు. అందుకని దాన్ని పక్కన పడేసి కొత్తది మొదలుపెడతావు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. సోఫాలో ఉన్న ఆ టేబుల్ క్లాతు నీకు విసుగొచ్చి ఆగలేదు, నడిమధ్యలో వదిలావు గనక ఆగింది.

ప్రతి పనికీ ఒక పువ్వుంటుంది, అది ఎక్కడుందో వెతుక్కో. బొంతకైతే ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక వరస. దారం అయిపోయిందని మధ్యలో లేవకు, ఇంకో దారం ఎక్కించి వరస ముగించి లే. దిండు గలీబు మీద నువ్వు వేస్తున్న క్రాస్ స్టిచ్‌కి అయితే ఒక రంగు, ఒక మూల. మగ్గానికి ఒక ఆకో, ఒక మామిడి పిందో. మగ్గం సూదితో వేసేది కూడా గొలుసు కుట్టే కదా, కింద ముడి బిగించకుండా వదిలితే అదీ లేసులాగే ఊడుతుంది. ఆకు పూర్తి చేసి, ముడి వేసి, దారం తెంపి అప్పుడు లే. అయిదు నిమిషాలు ఆలస్యమైతే కూర మాడిపోదు. మాడితే మీ నాన్నని కలపమను, ఆయనకేం పని?

ఇక ఏ పనికి ఏ పొద్దు. ఇది నీ తరం వాళ్లు పట్టించుకోరు, ట్యూబులైటు వెలుగులో అన్నీ ఒకటే అనుకుంటారు. నల్ల గుడ్డ మీద పని పొద్దున్నే చెయ్యి, కిటికీ పక్కన. తెల్ల దారం మాపటేళకి కూడా కనిపిస్తుంది, చేతికి అలవాటైన పువ్వయితే టీవీ చూస్తూ కూడా అల్లొచ్చు. అరుగు మీద నలుగురు చేరి లోకాభిరామాయణం నడిచే వేళకి బొంత మంచిది. అందులో ఆలోచించాల్సిందేం లేదు, సూది పోతూ ఉంటుంది, నోరు ఆడుతూ ఉంటుంది. లెక్క తప్పితే కొంప మునిగే కొత్త డిజైను ఏదైనా ఉంటే మాత్రం ఇంట్లో ఎవరూ లేని పూట తియ్యి. రైలు ప్రయాణానికి లేసు తప్ప ఇంకేదీ వద్దు. ఒక ఉండ, ఒక సూది, చేతిసంచిలో పడతాయి. సికింద్రాబాదు చేరేలోగా నాలుగు పువ్వులవుతాయి, పక్కన కూర్చున్నావిడ నేర్పమని అడుగుతుంది కూడా.

రుతువు కూడా చూసుకోవాలమ్మా. ఎండాకాలంలో బొంత ఒళ్లో వేసుకుని కూర్చున్నావంటే రోహిణి కార్తెకి ఇంకో దుప్పటి కప్పుకున్నట్టే. బొంత పని కార్తీకంలో మొదలుపెట్టి మాఘం వెళ్లేలోగా ముగించు. లేసు ఎండాకాలపు పని, అరచేతిలో ఇమిడేది కాబట్టి. చెయ్యి మాత్రం కడుక్కుని తుడుచుకుని కూర్చో, చెమట, పసుపు, కుంకం తెల్ల దారానికి పగవాళ్లు. శ్రావణం వస్తుందనగా జాకెట్ల పని మీద పడుతుంది, వరలక్ష్మీ వ్రతానికి ఒకరు, పెళ్లికి ఒకరు అడుగుతారు. ఆ నెలలో ఇంకేదీ కొత్తగా ఎత్తుకోకు.

మగ్గం గురించి ఒక మాట కటువుగా చెబుతాను. ఇంట్లో ఎన్ని పనులైనా ఉండనీ, మగ్గం మీద మాత్రం ఎప్పుడూ ఒకటే ఉండాలి, అదెక్కితే దిగేదాకా అదే ముందు. బిగించిన గుడ్డ రోజుల తరబడి అలా ఉంటే దుమ్ము పడుతుంది, అంచుల దగ్గర సాగుతుంది, పట్టయితే లాగిన గుర్తులు ఒక పట్టాన పోవు. పైగా అది హాల్లో అడ్డం. మీ అమ్మ గోలలో సగం ఆ మగ్గం గురించే, మిగతా పనుల మీద ఆవిడకంత కోపం లేదు. అది దించెయ్యి, నీ నిలకడ గురించి ఎవరూ మాట్లాడరు.

దేని సంచి దానికుండాలి. పాత చీర ముక్కలతో నాలుగు సంచులు కుట్టుకో, దానికి మాత్రం కొత్త గుడ్డ కొనకు. బొంత సూది బొంత సంచిలో, లేసు సూది లేసు సంచిలో. ఒక పని సూది తీసి ఇంకో పనికి వాడితే రెండూ ఆగుతాయి. లేసు సూది నంబరు మారితే పువ్వు సైజే మారిపోతుంది, అతుకు దగ్గర ఆ తేడా బయటపడుతుంది. దారం ఉండకి చుట్టి ఉన్న కాగితం పారెయ్యకు, దాని మీద రంగు నంబరూ, లాటు నంబరూ ఉంటాయి. ఒకే రంగు నంబరైనా లాటు మారితే చాయ మారొచ్చు. సగం టేబుల్ క్లాతు అయ్యాక ఆ కాగితం లేకుండా కొట్టుకి వెళ్తే కొట్టువాడేం చెప్తాడు? తెలుపే కదమ్మా అంటాడు. ఇంట్లో పరిచి చూస్తే తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో అప్పుడు తెలుస్తుంది. పెద్ద పనికి మొత్తం దారం ఒకేసారి కొనుక్కో. సంచిలో చిన్న చీటీ ఒకటి పెట్టు, ఎక్కడిదాకా వచ్చావో, తర్వాత ఏం చెయ్యాలో రాసి. సెల్లులో రాసుకుంటానంటావేమో, వద్దు. సెల్లు తీసినదానివి ఇంకేదో చూస్తూ కూర్చుంటావు.

సూదిని మాత్రం గుడ్డకి గుచ్చి వదలొద్దు. మన గోదారి గాలి తేమకి, అందులోనూ ముసురు పట్టిన రోజుల్లో, తుప్పు మచ్చ దిగడానికి ఎంతోసేపు పట్టదు. తెల్ల నూలు గుడ్డ మీద పడితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో వేస్తే చాలామటుకు పోతుంది గాని, రంగు గుడ్డ మీద ఆ వైద్యం చెయ్యకు, రంగు కూడా పోతుంది.

చెల్లికి పుట్టబోయే బిడ్డ బొంతకి నువ్వు కొత్త గుడ్డ కొన్నావని విని మాత్రం నాకు నిజంగా చివుక్కుమంది. మీ అమ్మమ్మ కట్టిన బండారులంక నేత చీరలు, పులుగుర్త చీరలు ఇంకా పెట్టెలో ఉన్నాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు మీద పసిబిడ్డ ఒళ్లు ఒరుసుకోదు. సూది కూడా సులువుగా దిగుతుంది, నాలుగు పొరలైనా వేలు నొప్పి పుట్టదు. కొత్త గుడ్డయితే ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టాలి, లేకపోతే కుట్టాక మొదటి ఉతుకుకే ముడుచుకుని బొంత వంకర తిరుగుతుంది. పొరలు చాప మీద పరిచి, మధ్య నుంచి అంచులకి పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ వెళ్లు. ముందు అంచులు బిగించేశావంటే ముడతలన్నీ మధ్యలోకి చేరి కూర్చుంటాయి.

ఇంకో సంగతి, ఇది బరువైనది. నువ్వు జాకెట్లకి డబ్బు తీసుకుంటున్నావటగా, మంచిదే. ఎంత తీసుకుంటున్నావంటే "ఖాళీగా ఉన్నప్పుడు చేసేదే కదా పెద్దమ్మా, ఇచ్చినంత" అన్నావు. ఆ మాట వింటే నాకు వొళ్లు మండుతుంది. మరియా మీస్ అని ఒక జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం పరిసరాల్లో లేసు అల్లే ఆడవాళ్ల బతుకుని దగ్గరగా చూసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేసింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే వాళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారని అందులో రాసింది. ఆ లేసు ఓడలెక్కి దేశాలు దాటిపోయేది. అయినా వ్యాపారులకీ, ఇంట్లో మగవాళ్లకీ అది ఖాళీ టైములో ఆడవాళ్ల కాలక్షేపమే. కాలక్షేపానికి కూలేమిటి? గంట లెక్క లేదు, ముక్క లెక్కే. దారం ఇచ్చి, అల్లిక పట్టుకుపోయి, చేతిలో నాలుగు రూపాయలు పెట్టడమే. ఇందాక నేను మెచ్చుకున్న ఆ పని పంపకమే ఇక్కడ వాళ్ల మీదికి తిరిగింది. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన టేబుల్ క్లాతుని చూడదు, అది ఎంతకి అమ్ముడుపోయిందో దానికి తెలియదు.

నీకు ఆ గతి పట్టాల్సిన పన్లేదు. పువ్వు నీదే, అతుకు నీదే, బేరమూ నీదే. ఇంటి పనుల్నీ డబ్బు పనుల్నీ కలపకు. డబ్బు పనికి వేరే సంచి, వేరే నోటుబుక్కు. ఏ రోజు ఎంతసేపు కూర్చున్నావో గడియారం చూసి రాయి. పూసలకీ దారానికీ అయింది ఎంత, నీ గంటలు ఎన్ని, రెండూ కలిపి చెప్పు. ఎదుటివాళ్లు బజార్లో ఇంతకే దొరుకుతుందంటే, "అయితే అక్కడే కుట్టించుకోండి పిన్నిగారూ" అని నవ్వుతూ అను. మొదటిసారి నోరు రాదు, రెండోసారికి వస్తుంది. డబ్బు పని ఎప్పుడూ ఒకటి కంటే ఎక్కువ ఒప్పుకోకు, ఎందుకంటే దానికి గడువు వాళ్లది. ఇంటి పనులకి గడువు నీది, అవి ఎన్నున్నా ఫరవాలేదు.

అన్నీ పూర్తి చెయ్యాలని కూడా లేదు. ఆ దిండు గలీబు మీద కుక్కపిల్ల బొమ్మ నీకు అసలు నచ్చలేదని నాకు తెలుసు, ఆ గులాబీ రంగు చూస్తేనే తెలుస్తోంది. దారం ఊడదీసి గుడ్డ ఉతికి పెట్టుకో, లేకపోతే పక్కింటి పిల్లకి రింగుతో సహా ఇచ్చెయ్యి. ఇష్టం లేని పనిని సంచిలో దాచిపెడితే అది మిగతా సంచుల్ని కూడా తెరవనివ్వదు.

వరస నేను చెబుతాను, విను. ముందు మగ్గం మీది జాకెట్టు, ఈ వారంలోనే. తర్వాత బొంత. చెల్లికి నెలలు నిండేది మాఘంలో కాబట్టి, పుష్యం లోపల ముగించి ఓసారి ఉతికి ఎండలో వెయ్యాలి. టేబుల్ క్లాతు అన్నిటికంటే ఆఖరు. దానికి తొందరేముంది, మీ ఇంట్లో ఆ బల్ల మీద ఎప్పుడూ పచ్చడి జాడీలే గదా.

సంక్రాంతికి వచ్చినప్పుడు నరసాపురం తీసుకెళ్తాను. రుస్తుంబాదలో లేసు ట్రేడ్ సెంటరుంది, అక్కడ అతుకుపని చేసేవాళ్ల పక్కన ఓ పూట కూర్చో. రెండు పువ్వులు కలిసే చోట దారం ఎంత బిగించాలో రాసి చెప్పడం నా వల్ల కాదు, చేతి మీద చూడాల్సిందే. ఈలోగా టేబుల్ క్లాతుకి అల్లిన పువ్వులన్నీ, చిన్నా పెద్దా ఏరకుండా, ఓ డబ్బాలో పెట్టి బస్సులో పంపించు. సైజులు చూసి జత చేసి అతుకు నేను వేస్తాను. గంటలు రాసి పెడతా, కూలి మాత్రం ఇవ్వాలి.

మీ పెద్దమ్మ