ఏ లెన్సు ఉంచుకోవాలో నీ నెగెటివ్‌లే చెబుతాయి

చిన్నా,

లెన్సులన్నీ మంచం మీద పరిచి ఫొటో పంపావు, "పెదనాన్నా, ఏది అమ్మాలి, ఏది ఉంచుకోవాలి" అని. ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు నాయనా. ధరలు చూడటం కొన్నాళ్లు పక్కన పెట్టి నీ కాంటాక్ట్ షీట్లు బయటికి తియ్యి. నువ్వు మనసుపడి పెద్ద ప్రింట్లు వేయించుకున్న ఫొటోలు ఉన్నాయి చూడు, ఒక్కొక్కటీ ఏ లెన్సుతో తీశావో పెన్సిలుతో పక్కన రాసుకుంటూ పో. అది అయ్యాక నన్ను అడగాల్సినవి కొన్నే మిగులుతాయి. వాటి గురించి నాకు తోచింది చెబుతాను.

నువ్వు ఎక్కువగా తిరిగేది దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల కింద, చైతన్యపురి దుకాణాల ముందు, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ, నల్లగొండ బస్సుల కోసం నిలబడ్డ జనంలో. అక్కడ నీకూ మనిషికీ మధ్య రెండు మూడు మీటర్ల కంటే జాగా దొరకదు. వెనక్కి జరిగావా, తోపుడు బండికి తగులుతావు. రెండు మీటర్ల నుంచి కెమెరా నిలువుగా పట్టుకుంటే 35 ఎంఎం లెన్సులో మనిషి నిండుగా, కాళ్లతో సహా పడతాడు. 50లో మోకాళ్ల దాకా వస్తాడు. 90లో నడుము పైభాగమే. పైగా 35ను ఎఫ్ 8లో పెట్టి మూడు మీటర్లకు ఫోకస్ కట్టేస్తే దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. కొబ్బరిబోండాం కొట్టేవాడి కత్తి లేచిన క్షణంలో ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. అదే 90కి, అదే దూరంలో, అదే ఎఫ్ 8లో అర మీటరు లోతు మాత్రమే దక్కుతుంది. నీ 35 అంత ఖరీదైనది కాదని చిన్నచూపు చూడకు. నీ రోడ్లకు అదే సరైనది. అది ఉండాలి.

50 సుమ్మిక్రాన్ కూడా ఉండాలి. సరూర్‌నగర్ చెరువు దగ్గర నిమజ్జనం రాత్రి, బతుకమ్మ ఆడే సాయంత్రం ఎఫ్ 2 నీ చేతికి పనికొస్తుంది. హెన్రీ కార్టియే బ్రెస్సన్ 1947-48లో మన దేశంలో తిరిగినప్పుడు, గాంధీజీ చివరి రోజులూ అంత్యక్రియలూ తీసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది లైకాయే. జీవితమంతా ఎక్కువగా 50తోనే నెట్టుకొచ్చాడు. ఆయన వాడాడు కాబట్టి నువ్వూ వాడమని కాదు. ఒక్క లెన్సు కళ్లకు అంతగా అలవాటైతే కెమెరా ఎత్తకముందే ఫ్రేము కనిపిస్తుందని చెప్పడానికి అన్నాను.

ఇక 21. అందరికీ చూపించుకోవడానికి బాగుంటుంది, నాకు తెలుసు. కానీ నీ లైకా ఎం6లో 21కి ఫ్రేము గీతలు లేవు. పైన వేరే ఫైండర్ తగిలించి, ఒకదాంట్లో ఫోకస్ చూసి, ఇంకోదాంట్లో ఫ్రేము చూడాలి. ఆ ఫైండర్‌తో కలిపి అమ్మెయ్యి, విడివిడిగా అమ్మకు. 135 కూడా అంతే. దాని ఫ్రేము వ్యూఫైండర్ మధ్యలో చిన్న గడిలా మిగిలిపోతుంది, ఫోకస్ ఏమాత్రం తప్పినా తెలిసిపోతుంది. దూరం నుంచి తీయాలనిపిస్తే దానికి ఎస్ఎల్ఆర్ కెమెరాలు ఉన్నాయి.

90ని అమ్ముదామని అనుకుంటున్నావు కదా. వద్దు. బాల్కనీలో మీ అమ్మ బియ్యం ఏరుతున్న ఫొటో ఏ లెన్సుతో తీశావో షీటు వెనక చూసుకో. రోడ్డు మీద పనికిరానిది ఇంట్లో పనికొస్తుంది. పెద్దవాళ్లకు మొహం మీద మొహం పెడితే బిగుసుకుపోతారు, కొంచెం ఎడంగా కూర్చుంటే నీ సంగతి మరిచిపోతారు. ఇంకా చాలా తియ్యి, అమ్మవి.

మీ నాన్న జూపిటర్-8 సంగతి. అది జైస్ సోనార్ డిజైన్‌ను అనుసరించి రష్యావాళ్లు చేసిన 50. రింగు వేసి ఎం6కి తగిలించావనుకో, ఎఫ్ 2లో దగ్గరి ముఖం తీస్తే ఫోకస్ కన్ను దాటి ముందో వెనకో పడుతుంది. లెన్సు పాడైందని కాదు, రష్యా కెమెరాల కొలత వేరు, లైకా కొలత వేరు. వాళ్ల జోర్కీ కెమెరా మీదే అది సరిగ్గా పనిచేస్తుంది. అందుకే ఆ రెండింటినీ విడదీయకు. అమ్మాల్సి వస్తే రెండూ కలిపే అమ్ము, బాధపడకు. నాన్న గుర్తు ఆ గాజులో లేదురా. గడ్డిఅన్నారం మార్కెట్‌లో మామిడి సీజన్‌లో ఆయన తీసిన రోల్స్ నీ బీరువాలో ఉన్నాయి. మార్కెట్ బాటసింగారానికి పోయింది, ఆ మామిడి గుట్టలూ ఆ హమాలీలూ ఇప్పుడు ఆ నెగెటివ్‌లలోనే ఉన్నారు. ముందు వాటిని స్కాన్ చేయించు. 21 డబ్బు దానికే ఖర్చు పెట్టు.

అమ్మేముందు ప్రతి లెన్సునూ టార్చితో చూడు. అపర్చర్ పూర్తిగా తెరిచి, లైటు ఏటవాలుగా పడేటట్టు పట్టుకో. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్. మన వానాకాలం తేమలో, తోలు కేసుల్లో దాచిపెట్టినవాటికి ఇది తొందరగా పడుతుంది. ఉంటే ఉందని కొనేవాడికి చూపించి చెప్పు, ధర తగ్గితే తగ్గనీ. మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఫొటోగ్రఫీ నేర్చుకునే పిల్లలు ఉంటారు, వాళ్లకు అమ్మగలిగితే నాకు ఇంకా సంతోషం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే దగ్గరే.

ఉంచుకున్నవాటిని తోలు కేసుల్లోంచి తీసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టు. నీలం రంగు జెల్ గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. ఇంకొకటి, ఎండలో తిరిగేటప్పుడు లెన్సుకు మూత పెట్టడం మరవకు. ఎం6 షట్టర్ గుడ్డది, ముందు అద్దం అడ్డు ఉండదు. మే నెల సూర్యుడు లెన్సులోంచి నేరుగా దాని మీద పడితే బెజ్జం పడుతుంది.

135 విషయంలో మాత్రం వెంటనే ఎవరికీ మాట ఇవ్వకు. దాని హుడ్ మా ఇంట్లో షోకేసు కింది అరలో ఉన్నట్టు గుర్తు. ఆదివారం వెతికి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న