వేలంపాటలో మౌనము

వేలము వేయువాడు ఎవరికి జవాబుదారి? చట్టమును అడిగినచో సందేహము లేదు. అతడు అమ్మువాని ప్రతినిధి. కాని ఎదుట గుమిగూడిన పాటగాండ్రు అతని కంఠమును నమ్మియే పాడుచున్నారు. ఒకటవసారి, రెండవసారి యని అతడు పలుకు పలుకు ఇరుపక్షములకును సాక్ష్యము. అందుచేతనే ఈ వృత్తిని అదుపున నుంచు భారము దేశదేశములందును ప్రభుత్వముల మీదను, పురపాలక సంఘముల మీదను, సంతల కమిటీల మీదను పడినది. ఆ అదుపు ఎవరి మేలు కొరకు? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టినది కాదు. నా యింట నున్న యొక టేకు బీరువా వలన పుట్టినది.

కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణమున ఇంటిపన్ను బాకీకై పురపాలక సంఘమువారు ఒక వితంతువు సామానును జప్తు చేసి వేలము వేసిరి. సంఘపు గుమాస్తాయే వేలము వేయువాడు. పాత సామాను కొని అమ్ముకొను వర్తకులు నలుగురైదుగురు ముందుగనే వచ్చి యుండిరి. వారిలో నొకడు నా చెంతకు జరిగి, "మాస్టారూ, మీకు బీరువా కావాలి గదా? మేం పాడం. మిగతావాటి జోలికి మీరు రాకండి" అని మెల్లగా ననెను. నేను తల యూపితిని. సర్కారువారి పాట 800 రూపాయలు. నేను 900 అంటిని. గుమాస్తా చెవిటివాడు కాడు. మా యిరువురి వైపును ఒకమారు చూచి, ముమ్మారు పలికి, బల్ల చరచెను. మిగిలిన సామానును అట్లే పోయినది. పన్ను బాకీ తీరినది. బాకీ పోగా మిగులునది ఆమెకు చెందవలసినది, మిగిలినదేమియు లేదనవచ్చును. ఆ బీరువా అయిదువేలకు తక్కువ చేయదని పిమ్మట మా వడ్రంగి చెప్పినప్పుడు, నిజము దాచనేల, మొదట నాకు సంతోషమే కలిగినది.

నేను చట్టము నేమైన మీరితినా యని తరువాత వెదకితిని. 1930 నాటి వస్తు విక్రయ చట్టములోని 64వ సెక్షను వేలమునకు సంబంధించినది. అమ్మువాడు దొంగపాటలు పాడించి ధర పెంచినచో కొన్నవాడు ఆ బేరమును రద్దు చేసికొనవచ్చునని అందు గలదు. ధర దించిన దొంగమౌనమును గూర్చి ఆ సెక్షనులో మాట లేదు. ఇంగ్లండులో 1927లో నొక చట్టము చేసి, పాడకుండుటకై వర్తకులు ప్రతిఫల మిచ్చుటను నేరముగా నిర్ణయించిరి; అది వర్తకులకే. మన దేశమున 2002 నాటి పోటీ చట్టము కూడబలుకుకొని పాడు పాటలను నిషేధించినది. అదియు వ్యాపారము చేయు సంస్థల నుద్దేశించినదే. పుస్తకముల కొక బీరువా కావలసిన బడిపంతులు ఈ వలలలో దేనికిని చిక్కడు.

లైసెన్సు మాట యేమందురా? ఇంగ్లండులో 1845 నాటి చట్టము వేలము వేయు ప్రతివాడును ఏటేట 10 పౌనులు చెల్లించి లైసెన్సు పొందవలెననెను. వేలము జరుగు చోట తన పేరును నివాసమును పెద్ద అక్షరములతో కట్టవలెననెను. అతని నడవడి యెట్టిదని అడుగలేదు. అది పన్నే గాని పరీక్ష కాదు. మన సంతల చట్టములు ఇంతకంటె మేలైనవి. తువాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని ధర తేల్చుకొను దళారుల చేతులలో రైతు చితికిపోవుచుండగా, హైదరాబాదు రాజ్యమున 1930లోను, మద్రాసు రాజధానిలో 1933లోను మార్కెట్టు చట్టములు పుట్టినవి; 1966లో ఆంధ్రప్రదేశమంతటికిని ఒకే చట్టము వచ్చినది. వర్తకునకును, కమీషను ఏజెంటునకును, తూకమువానికిని మార్కెట్టు కమిటీ లైసెన్సు ఉండవలెను. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చినది; ధర ఇప్పుడు కంప్యూటరులో పలుకును. తువాలు పోయినది, మంచిదే. కాని కొనువారు యార్డు బయట టీ కొట్టు కడ ముందుగనే కూడబలుకుకొనినచో ఆ యంత్ర మేమి చేయగలదు?

ఇచట కౌటిల్యుని మాట తలచుకొనవలెను. ఇల్లు, భూమి అమ్మునప్పుడు ఇరుగుపొరుగు నలువది కుటుంబములవారి యెదుట ధరను ముమ్మారు చాటవలెననియు, పోటీచే ధర పెరిగినచో ఆ పెరిగిన సొమ్ము శుల్కముతో గూడ రాజు బొక్కసమునకు పోవలెననియు అర్థశాస్త్రము విధించినది. చదువుకొను దినములలో నాకది రాజుల పేరాసగా తోచినది. ఇప్పుడు మరొకటియు తోచుచున్నది. పెరిగిన ధర తనకు రానప్పుడు అమ్మువాడు దొంగపాట యేల పాడించును? ఆయన ఎవరిని నమ్మలేదు, కనుక ఆశనే తీసివేసెను. మా పురపాలక సంఘమున జరిగినది దీనికి తలక్రిందులు. సంఘమునకు కావలసినది తన బాకీ. అది చేతికి వచ్చిన క్షణమున వేలము వేయువానికి ఆ యింటివారితో పని తీరిపోయినది. ఇతరుల వర్తకమునకు లైసెన్సు లిచ్చు సంఘము తానే సుత్తి పట్టినప్పుడు దానికి లైసెన్సు ఇచ్చువా రెవరు?

చౌకగా కొనుట వర్తక నైపుణ్యము, అందు పాపమేమని కొందరందురు. వస్తువు విలువ నెరిగి కొనుట నైపుణ్యమే. అందరు చూచుచుండగా నా కన్ను పదునైనచో ఆ లాభము నాది. నోళ్లు మూయుటకు ఒప్పందము చేసికొనుట మాత్రము నైపుణ్యము కాదు. సంతను చంపి దాని వేషమును మాత్రము నిలుపుట అది.

నా మట్టుకు, జప్తు సామానునకు కనీసపు ధరను సంఘముతో సంబంధము లేనివారు కట్టవలెనని తోచును. కూడబలుకు కంటబడినచో పాటను నిలిపివేయుట వేలము వేయువానికి అధికారముగా గాక విధిగా నుండవలెను. నిలుపనివానిని సుత్తి ముట్టనీయరాదు. గుమాస్తా మా వైపు చూచిన ఆ యొక్క క్షణమున అట్టి విధి అతనికి ఉండియున్నచో, తల యూపుటకు నేనే జంకియుందును.

కొన్ని నెలలకు తక్కువ పడిన సొమ్ము తీసికొని ఆ యింటికి పోతిని. ఆమె పుచ్చుకొనలేదు. "పాటలో వచ్చింది మీదే మాస్టారూ. మా అబ్బాయే అడుగుతున్నాడు, అంతమంది వచ్చి ఒక్కరూ పాడలేదేమని. వాడికేం చెప్పమంటారు?" అనెను. ఆ బాలుడు గడప యవతల నిలిచి వినుచుండెను.