సొంతూళ్లో ముసాఫిర్

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఎల్బీనగర్, వనస్థలిపురం దాటితే హయత్‌నగర్. అక్కడ 1672 నాటి మసీదు ఒకటుంది. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరే మసీదుకూ, ఊరికీ నిలిచింది. మసీదు చుట్టూ బాటసారుల కోసం సరాయి గదులు కట్టించారు. దగ్గరలోనే హాథీ బావడి అనే పెద్ద బావి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి మీద వచ్చేపోయేవాళ్లకు బస, నీళ్లు, నమాజు ఒక్కచోటే దొరికేవి.

ఇప్పుడు డిసెంబరు వచ్చిందంటే ఆ దారినే డాలస్ కొడుకులు, న్యూజెర్సీ అల్లుళ్లు వస్తారు. శంషాబాద్ విమానాశ్రయంలో దిగి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగిపోతారు. కొందరి కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. డ్రైవర్ లేకుండా కిరాయికిచ్చిన కారుకు ప్రభుత్వం పెట్టిన గుర్తు అది. అరుగు మీది పెద్దాయన కంట ముందు పడేదీ అదే. "ఇంట్ల బండి వెట్టుకొని కిరాయి బండి తెచ్చుడేంది బిడ్డా? మేం పరాయోళ్లమైనమా?"

పెద్దాయన అడిగింది కారు గురించి కాదు. సొంతూరికి వచ్చినవాడు ఇంటివాడా, చుట్టమా, బాటసారా? ఈ సంగతిని మతాలు ఎంతో పట్టింపుగా తేల్చాయి.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో దీనికి కొలతలే ఉన్నాయి. ప్రయాణంలో ఉన్న ముసాఫిర్ నాలుగు రకాతుల నమాజును రెండుకు కుదించుకోవచ్చు, రంజాన్ ఉపవాసాన్ని తర్వాతికి వాయిదా వేసుకోవచ్చు. మన దేశంలో ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయం ప్రకారం, చేరుకున్న ఊళ్లో 15 రోజులో అంతకుమించో ఉండాలన్న నీయత్, అంటే మనసులో నిశ్చయం, కుదిరితే ఆ వెసులుబాటు పోతుంది. సొంతూళ్లో మాత్రం ఈ రోజుల లెక్క పనిచేయదు. అక్కడ ఒక్క గంట ఆగినా స్థానికుడే, నమాజు పూర్తిగా చదవాల్సిందే.

మరి సొంతూరంటే పుట్టినదా, బతుకుతున్నదా? హనఫీ పండితులు ఇక్కడ చూపించేది సాక్షాత్తూ ప్రవక్త ముహమ్మద్ ఉదాహరణనే. ఆయన పుట్టింది మక్కాలో. 622లో మదీనాకు వలస వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 630లో మక్కా ఆయన వశమైంది. పుట్టిన ఊరు, పైగా గెలిచిన ఊరు. అయినా అక్కడ ఆయన ముసాఫిర్ లాగే నమాజు కుదించి చదివారు. కొత్త ఊరిని శాశ్వత నివాసం చేసుకున్నవాడికి పాత ఊరు ఆ లెక్కలోంచి జారిపోతుందని పండితులు దీన్నుంచి తేల్చారు. పుట్టుక చెరిగిపోదు, హోదా మారుతుంది.

దీని మీద పేచీలూ వచ్చాయి. మూడో ఖలీఫా ఉస్మాన్ హజ్ సమయంలో మక్కా దగ్గరి మినాలో నమాజు కుదించకుండా పూర్తిగా చదివారు. ఇదేమిటని కొందరు సహచరులు ఆక్షేపించారు. ఆయన మక్కాలో వివాహం చేసుకున్నారు కాబట్టి అది ఆయనకు ఇంటి కిందే లెక్క అన్నది పండితులు చెప్పే వివరణల్లో ఒకటి. ఆ వివరణ వింటే తెలుగు అల్లుళ్లు మురిసిపోవచ్చు.

హిందూ సంప్రదాయమూ ఈ లెక్క చూస్తుంది, కాకపోతే పూజ పీట మీద. పూజ మొదట్లో చెప్పే సంకల్పంలో కర్త ఎక్కడ కూర్చున్నాడో చెప్పాలి. ద్వీపం, వర్షం, ఏ నదుల మధ్య దేశం, చివరికి ఇల్లు సొంతమా అద్దెదా అన్నది కూడా. సొంతమైతే ఒక మాట, అద్దెదైతే 'వసతి గృహం' అని వ్రతాల పుస్తకాల్లో బ్రాకెట్లో వేసి ఉంటుంది. అమెరికా గుళ్లలో మన పురోహితులు జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అని చదువుతారు. దేవుడి ముందు చిరునామా దాచడానికి వీల్లేదు. అద్దె ఇంట్లో చేసిన సత్యనారాయణ వ్రతానికి ఫలం తగ్గుతుందని మాత్రం ఏ పుస్తకమూ అనదు. ఆయుధపూజ నాడు కిరాయి ఆటోకు కట్టే బంతిపూల దండ సొంత ఆటో దండ కంటే చిన్నదేమీ కాదు. పూజ పనిముట్టుకు, కాగితాల మీద ఉన్న పేరుకు కాదు.

ఇక మనుస్మృతి మూడో అధ్యాయం అతిథికి ఒక్క రాత్రి గడువు పెట్టింది, ఉన్న ఊరివాణ్ని అతిథి కాదు పొమ్మంది. ఊరు విడిచి ఇరవయ్యేళ్లకు మూడు వారాల సెలవు మీద వచ్చేవాణ్ని ఏ గాటన కట్టాలో దాన్నిబట్టి తేలడం కష్టమే.

ప్రభుత్వాలు ఇంత తర్జనభర్జన పడవు. నివాసి అవునో కాదో తేల్చడానికి పన్ను చట్టం మామూలుగా 182 రోజుల బస చూస్తుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. మొదటి కార్డులను 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చింది హైదరాబాద్‌లోనే. ఆ కార్డుంటే ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు వేయడానికీ, సాగుభూమి కొనడానికీ మాత్రం కుదరదు. బయటివాడు కాదు, పూర్తిగా ఇంటివాడూ కాదు.

ఇలాంటివాడికి అద్దె కారే సరైన బండి. బాటసారి వాహనాన్ని కిరాయికి తీసుకోవడం గోల్కొండ దారులకు కొత్తా కాదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ తన యాత్రా గ్రంథంలో ఎడ్లబండి కిరాయి రోజుకు సుమారు ఒక రూపాయని, సూరత్ నుంచి గోల్కొండకు 40 నుంచి 45 రూపాయలు అవుతుందని లెక్క రాసి పెట్టాడు.

బావగారి కారు తీసుకుంటే ఆయన మూడు వారాలు 'పర్లేదులే' అంటూ నవ్వి, ఆఫీసుకు బస్సెక్కుతాడు. బంపరు మీద గీత పడితే చెప్పలేక మింగుకుంటాడు. అద్దె కారులో ఆ మొహమాటం లేదు. తాళం ఇచ్చే కుర్రాడు ఫోను పట్టుకుని కారు చుట్టూ తిరిగి, ఉన్న గీతలన్నీ వీడియో తీసి, పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూపించి మరీ అప్పగిస్తాడు. ఆతిథ్యం మూడు రోజులు, ఆపైన పెట్టేది దానం కిందికి వస్తుందని, ఇంటివాడికి భారమయ్యేదాకా ఉండొద్దని ప్రవక్త మాటలుగా చెప్పే హదీసు సంప్రదాయం అంటుంది. మూడు రోజులు బావ కారు, నాలుగో నాటి నుంచి అద్దె కారు అన్నది అంత చెడ్డ లెక్కేం కాదు.

అయితే ముసాఫిర్ వెసులుబాటు తీసుకున్నవాడు ఇంటి యజమాని పెత్తనం కోరకూడదు. కిరాయి కారులో దిగి, వారం తిరక్కుండానే నాన్న వైద్యం ఎక్కడో, పొలం ఎవరికివ్వాలో, రోడ్ల మీద జనం ఎలా నడవాలో తీర్పులు చెప్పేవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. పెద్దాయన నొచ్చుకున్నది ప్లేటు చూసి కాకపోవచ్చు, పోయినసారి తీర్పులు గుర్తొచ్చి కావచ్చు.

రాదలచినవాళ్లకు రెండు మాటలు. తెల్ల ప్లేటు సొంత బండిని ఎవరైనా చవగ్గా కిరాయికిస్తామంటే ఒప్పుకోకండి. సొంత వాడకం పాలసీ ఉన్న కారును అద్దెకు తిప్పితే ప్రమాదం జరిగిన రోజు బీమా చేతికి రాకపోవచ్చు. ఉన్నది విదేశీ లైసెన్సే అయితే, 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీరుంటున్న దేశంలోనే తీసుకుని బయల్దేరండి, అది ఏడాది చెల్లుతుంది. కారు బుక్ చేసిన సంగతి మాత్రం విమానం టికెట్ కొన్న రోజే బావకు ఫోన్ చేసి చెప్పండి. కారు గేటు ముందు ఆగాక చెబితే ఏ వివరణా చెల్లదు.