గరుడుడు విడువని కొమ్మ

దేవాలయములలో మహాసంప్రోక్షణము జరుగు వేళ, విమాన కలశముపై పవిత్రజలము పడు క్షణమున, భక్తుల చూపులు ఆకాశమువైపు మరలును. తెల్లని తల, తెల్లని రొమ్ము, ఇటుక వన్నె రెక్కలు గల గరుడపక్షి ఆలయముపై తిరిగినచో స్వామి అనుగ్రహము లభించినదని పెద్దలు చేతులు జోడింతురు. పిల్లలచేత నమస్కారము చేయింతురు. బ్రహ్మోత్సవములు గరుడధ్వజమును ఎగురవేయుటతో ఆరంభమగును. శ్రీవైష్ణవులకు గరుత్మంతుడు వేదస్వరూపుడు, నిత్యసూరి, పెరియ తిరువడి.

అట్టి పక్షియే కోనేటి గట్టున రావిచెట్టుపై గూడు కట్టి గుడ్లు పొదుగుచుండగా, ఆ చెట్టున్న చోటనే యాత్రికుల సత్రమునకు పునాది తీయవలసివచ్చినచో ఏది ధర్మము? సత్రము వేలమందికి నీడ యిచ్చును. గూడు కొన్ని ఎండుపుల్లల పోగు. ముహూర్తము నిశ్చయమైనది, దాతల ధనము చేరినది, కూలీలు వచ్చియున్నారు. భగవత్కార్యమునకు ఒక పక్షిగూడు అడ్డు కావలెనా అని కొందరు అడుగుదురు. వారును భక్తులే. కనుక వారి ప్రశ్నను త్రోసివేయక, పెద్దలు చెప్పిన కథలలోనే సమాధానమును వెదకవలెను.

మహాభారతము ఆదిపర్వములో గరుడోపాఖ్యానము కలదు. తల్లి వినత దాస్యమును తొలగించుటకై అమృతమును తేబోవుచు గరుడుడు, తండ్రి కశ్యపుని మాటపై, ఒక ఏనుగును ఒక తాబేలును ఆహారముగా పట్టుకొని మహావటవృక్షపు కొమ్మపై వ్రాలెను. ఆ భారమునకు కొమ్మ విరిగెను. చూడగా, దానికి తలక్రిందులుగా వ్రేలాడుచు వాలఖిల్య మహర్షులు తపస్సు చేయుచున్నారు. వారు అతి స్వల్పకాయులు. కొమ్మ నేలబడినచో వారు మరణింతురని గరుడుడు దానిని ముక్కుతో కరచిపట్టి, ఎచ్చటను దింపలేక దేశదేశములు తిరిగెను. తుదకు గంధమాదనముపై తండ్రిని చేరెను. కశ్యపుడు ప్రార్థింపగా ఋషులు తామే కొమ్మను విడిచి హిమవంతమునకు పోయిరి. పిమ్మటనైనను గరుడుడు దానిని తోచినచోట పడవేయలేదు. జనములేని చోటు ఏదని తండ్రిని అడిగి, ఆ నిర్జన పర్వతముపై విడిచెను.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. మాతృదాస్య విమోచనముకంటె పవిత్రమైన కార్యమేది? గరుడుడు ఆ కార్యమును మానలేదు, మరువలేదు. కాని కొమ్మను ఆశ్రయించినవారు తమంతట తాము కదలువరకు ఆకలితో, భారముతో ఆగెను. ఆలస్యమువలన ఆయన కార్యము చెడలేదు, అమృతము లభించెను. ఆగదగిన పనిని ఆపి, ఆగలేని ప్రాణమును కాచుటయే ఆ కథలోని ధర్మసూక్ష్మము.

ఈ సూక్ష్మము గూటికిని సరిపోవును. గరుడపక్షి మన దేశమున ఎక్కువగా డిసెంబరు మొదలు ఏప్రిల్ వరకు నీటి సమీపమున ఎత్తైన చెట్లపై గూడు కట్టును. సాధారణముగా రెండు గుడ్లు పెట్టును. పొదుగుటకు దాదాపు 27 దినములు, పిల్లలకు రెక్కలు వచ్చుటకు మరి ఏడెనిమిది వారములు పట్టును. అంతయు కలిపి మూడు మాసములలోపే. గూటిని వేరొక చెట్టుకు మార్చెదమనుట సులభము. కాని గూడు కదలినచో తల్లిదండ్రులు దానిని విడిచిపోవుట కలదు. జనసందడికి బెదరి తల్లి లేచినచో ఎండకు గుడ్లు చెడును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సైతము పక్షుల గుడ్లను, గూళ్లను కదలించుటను వేటగానే పరిగణించుచున్నది.

మాంసాహారియైన పక్షిపై ఇంత దయ ఏల అని మరొక సందేహము కలుగవచ్చును. శిబి చక్రవర్తి పావురమును కాపాడెను గాని డేగను పాపివని నిందింపలేదు. దాని ఆకలియు న్యాయమేయని తన మాంసమునే కోసి యిచ్చెను. జటాయువు గృధ్రమే. శ్రీరామచంద్రుడు ఆయనకు తండ్రికివలె అంత్యక్రియలు చేసెను. కాంచీపుర సమీపమున దివ్యదేశమగు తిరుప్పుట్కుళి నేటికిని ఆ కథనే స్మరింపజేయుచున్నది. ఆహారమును బట్టి గాక ఆశ్రయమును బట్టి దయ చూపుట స్వామి మార్గము.

ఇట్లన్నందున కట్టడములు కూడదని కాదు. ఆగమము మనకు ఒక చక్కని క్రమము నేర్పినది. గర్భాలయములో పని జరుగవలసినపుడు ముందుగా బాలాలయము ఏర్పరచి, స్వామి కళలను అందు ఆవాహనచేసి, పిదపనే పని మొదలిడుదురు. 2018 ఆగస్టులో తిరుమల మహాసంప్రోక్షణమును ఈ విధముగనే జరిగినది. నివసించువానికి ఏర్పాటు చేయక నివాసమును ముట్టరాదని దీని భావము. పక్షికి మనము బాలాలయము కట్టలేము. కాలమును మాత్రము ఇవ్వగలము. ముహూర్తము పెట్టుటకు ముందే చెట్లను, గోపురపు గూళ్లను పరిశీలింపవలెను. గోపురములలో గుడ్లగూబలును పిల్లలు చేయును. అపశకునమని వానిని తరుమరాదు. గూడు కనబడినచో అటవీశాఖవారికి తెలిపి, ఆ వైపు పరంజా కట్టక, చెట్టు కొట్టక, దూరముననున్న పనులను ముందుగా చేయించవలెను. కూలీలకు జీవనము పోదు, పక్షికి ప్రాణము పోదు. గరుడపక్షి ఏటేట అదే తావునకు మరలివచ్చును గనుక, చెట్టును ఉంచి పునాదినే కొంత జరుపగలిగినచో అది ఉత్తమోత్తమము.

సంప్రోక్షణమునాడు ఆకాశమున కనబడు గరుడుడు ఏదో ఒక చెట్టుపై, ఎవరో ఓర్పుతో విడిచిన గూటిలో పెరిగినవాడే. ఆ ఓర్పును మన ఆలయ కార్యములన్నింటను గరుడధ్వజుడగు శ్రీనివాసుడు మనకు అనుగ్రహించుగాక!