అర్థమవడం వేరు, మాట పెగలడం వేరు

మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు గారి పేరెత్తగానే ఆయనకెన్ని భాషలు వచ్చో లెక్కపెట్టడం మనకు అలవాటు. నాకా లెక్కమీద పెద్దగా మోజు లేదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ఆయన ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చారే, నా ఆశ్చర్యమంతా అక్కడ. చదవడానికే మనలో చాలామందికి ఓపిక చాలని నవల అది. మన పల్లె నుడికారాన్ని, గుడి ఉత్సవాలను, పలకరింపుల్లోని మర్యాదలను అమ్మభాష కాని హిందీలో పేజీ తర్వాత పేజీ నిలబెట్టడమంటే మాటలా? అదీ రాజకీయాల్లో తిరిగే మనిషి! మరాఠీ నుంచి హరి నారాయణ ఆప్టే నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకీ తెచ్చారు.

మనకైతే పరాయి భాష అర్థమైనంత సులువుగా నోటికి రాదు. హిందీ సినిమా అంతా అర్థమైనవాళ్లకే ఢిల్లీలో ఆటో బేరం దగ్గర నోరు పెగలదు. వినేటప్పుడు సందర్భం సాయపడుతుంది. మాట్లాడేటప్పుడు క్రియ, లింగం, విభక్తి అన్నీ మనమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట రోజూ జరగాలి. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే శనివారానికి సగం ఎగిరిపోతుంది.

అందుకు ఇవాళ తెలుగు పేపర్లో నాలుగు వాక్యాల వార్త ఒకటి తీసుకోండి. నేర్చుకుంటున్న భాషలో రాయండి. రేపు అసలు వార్త చూడకుండా, మీరు రాసినదాన్ని మళ్లీ తెలుగు చేయండి. వాతావరణ వార్తయినా ఫరవాలేదు.