గాలి మన చేతిలో లేదు... మరి మన చేతిలో ఏముంది?



ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్ రూముల్లో, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే నలుగురు ఫ్రెండ్స్, రెండు షెడ్యూళ్ల మధ్య గ్యాప్ దొరికి హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్ వెళ్లారనుకోండి. 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ జరిగిన చోటు. దాదాపు 2,400 మీటర్ల ఎత్తున్న బిల్లింగ్ నుంచి ఎగిరి, కింద బీర్‌లో దిగుతారు. వీళ్లు పైకి వెళ్లేసరికి గాలి మారింది. పైలట్ "ఆగండి" అన్నాడు. గంట అయింది, రెండు గంటలయింది.

ఒకడన్నాడు: "ఇంత దూరం వచ్చాం, ఏం కాదులే, దేవుడున్నాడు." ఇంకొకడికి లోపల భయంగా ఉంది, బయటికి చెప్పలేకపోతున్నాడు. మిగతావాళ్లు నవ్వుతున్నారు.

ఇక్కడ రెండు ప్రశ్నలు. మొదటివాడు అన్నది భక్తేనా? మిగతావాళ్లు చేస్తున్నది స్నేహమేనా?

ముందు గాలి సంగతి చూద్దాం. ఎండకి కొండవాలు వేడెక్కుతుంది, వేడిగాలి పైకి లేస్తుంది. పారాగ్లైడర్‌ని పైకెత్తేది అదే. పొద్దెక్కేకొద్దీ అదే గాలి ఉధృతం కావచ్చు. గాలి కొండ దాటి వెనకవైపు దిగేచోట సుడులు తిరుగుతుంది. పారాగ్లైడర్‌కి ఇంజను లేదు, గట్టి ఫ్రేమ్ లేదు. లోపల నిండిన గాలి వల్లే ఆ గుడ్డ రెక్కలా నిలబడుతుంది. గాలి ఒక్కసారి అటూ ఇటూ కొడితే ఆ రెక్క ఒకవైపు ముడుచుకుపోగలదు. అందుకే వానాకాలంలో, జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, అక్కడ ఎగరడం నిషేధం.

ఇప్పుడు భగవద్గీత 18వ అధ్యాయానికి రండి. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలంటాడు కృష్ణుడు: ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. బిల్లింగ్ కొండ మీద పెట్టి చూడండి. నిలబడ్డ నేల, ఎగిరే మనిషి, రెక్క-తాళ్లు-హెల్మెట్, పైలట్ చేసే చెకింగ్, చివరికి గాలి. దైవం లిస్టులో ఉంది, కానీ మొదటి నాలుగూ కొట్టేసి అదొక్కటే ఉంచమని స్వామి చెప్పలేదు. మన వంతు వదిలేసి "దేవుడే చూసుకుంటాడు" అంటే అది నమ్మకం కాదు, మన పని ఆయన నెత్తిన పెట్టడం.

ఆంజనేయస్వామిని చూడండి. సాక్షాత్తూ వాయుపుత్రుడు. అయినా సుందరకాండలో సముద్రం దాటేముందు సూర్యుడికీ ఇంద్రుడికీ తండ్రి వాయుదేవుడికీ నమస్కరిస్తాడు. అక్కడితో ఆగడు. కాళ్లు కొండకి గట్టిగా తన్నిపట్టి, ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా కూడదీసుకుని అప్పుడు ఎగురుతాడు. గాలి కొడుకే అంత జాగ్రత్తపడితే మనమెంత?

ఇది ఫిల్మ్ నగర్‌కి కొత్త విషయమేం కాదు. ముహూర్తం రోజు దేవుడి పటాల మీద క్లాప్ కొడతారు, కొబ్బరికాయ కొడతారు. కొబ్బరికాయ కొట్టాం కదా అని ఫైట్ మాస్టర్ రోప్ చెక్ చెయ్యడం మానేస్తాడా?

ఇక రెండో ప్రశ్న. 16వ అధ్యాయంలో దైవీ గుణాల్లో మొట్టమొదటిది అభయం. దాన్ని మనం "భయపడకూడదు" అని మాత్రమే చదువుకుంటాం. గుళ్లో స్వామి ఎత్తిన కుడిచెయ్యి చూడండి. అభయం ఇచ్చే చెయ్యి అది. ఎదుటివాడు మన దగ్గర భయం లేకుండా "నాకు భయంగా ఉంది రా" అని చెప్పగలగాలి. "నువ్వు ఎగరకపోయినా పర్లేదు, నీతో కిందికి జీపులో వస్తా" అన్నవాడు నలుగురిలో అందరికంటే ధైర్యవంతుడు.

అలాగని కొండలకి వెళ్లొద్దనడం లేదు. వెళ్లండి, గాలి అనుకూలిస్తే హాయిగా ఎగరండి. అన్నీ సరిగ్గా చేసినా ఐదోది ఎదురు తిరగొచ్చు. శరణాగతికి చోటు సరిగ్గా అక్కడుంది, అంతకంటే ముందు కాదు. అందుకే ఎవరికైనా ప్రమాదం జరిగితే "వాడి రాత" అని తేల్చెయ్యకండి. మొదటి నాలుగింటిలో మనం చేయగలిగింది ఏమైనా మిగిలిపోయిందా అని అడగండి.

ఈ వారం చిన్న సాధన. "ఏం కాదులే" అనే మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగండి. అది ధైర్యమా, బద్ధకమా, నలుగురిలో చిన్నబోతామన్న భయమా? జవాబు మీకే తెలుస్తుంది.

శుభమస్తు.